హైవేకి టైరు, ఇసుకకి గాలి, మంచుకి చైను: ఎస్‌యూవీ టైర్లు ఎంచుకునేదెలా

ఎస్‌యూవీ కొన్న కొన్నాళ్లకి చాలామందికి ఒకటే కోరిక పుడుతుంది. కంపెనీ ఇచ్చిన టైర్లు పీకేసి, పెద్ద పెద్ద గడులున్న ఆల్ టెరైన్ (ఏటీ) టైర్లు వేయించాలని. చూడ్డానికి బండి భలే ఉంటుంది, కాదనను. కానీ షాపుకి వెళ్లేముందు పోయిన ఏడాది బండి ఎక్కడెక్కడ తిరిగిందో ఒక్కసారి రాసుకోండి. రోజూ ఆఫీసు, నెలకోసారి విజయవాడో తిరుపతో, సంక్రాంతికి ఊరు, ఊళ్లో పొలం దాకా మట్టి బాట, ఒకసారి సూర్యలంక బీచ్. లదాఖ్ మాత్రం ఇంకా వాట్సాప్ గ్రూపులో ప్లాన్ దగ్గరే ఉంది. అంటే తిరిగిన కిలోమీటర్లలో తొంభై పాళ్లు తారు రోడ్డో సిమెంటు రోడ్డో. టైరు కొనాల్సింది దాని కోసం. ఇసుకలో బండిని నడిపించేది ముఖ్యంగా టైర్లో గాలి, మంచులో ఆపేది రబ్బరు రకం లేదా చైను. ఈ మూడింటినీ కలిపి ఒకే టైరుతో తేల్చేద్దామనుకుంటే మూడు చోట్లా అరకొరగానే ఉంటుంది.

ముందు హైవే సంగతి. హెచ్‌టీ, అంటే హైవే టెరైన్ టైరు మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది, వాన నీళ్లలో బ్రేకు బాగా పడుతుంది, మైలేజీ తగ్గదు. ఏటీ టైర్ల గడులు పెద్దవి, మధ్యలో సందులు ఎక్కువ, బరువూ ఎక్కువే. అందుకని 80 దాటగానే ఒక హోరు మొదలవుతుంది, అది టైరు అరిగేకొద్దీ పెరుగుతుంది, మైలేజీ కొంచెం తగ్గుతుంది, తడి రోడ్డు మీద మంచి హెచ్‌టీ కంటే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. కంకర, రాళ్లు, బురద తరచూ తగిలేవాళ్లకి ఇవన్నీ భరించొచ్చు, ఎందుకంటే ఏటీ టైరు అంత తేలిగ్గా కోసుకుపోదు. ఇక ఎంటీ, అంటే మడ్ టైర్లు రోజూ తిరిగే బండికి అస్సలు వద్దు. వర్షాకాలంలో ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 లిమిట్ ఉంది కదా అని వాటితో తొక్కితే మీ ఇష్టం.

షాపులో మోడల్ పేరు కంటే ముందు సైడ్‌వాల్ చదవండి. థార్‌కి వచ్చే 255/65 ఆర్18 తీసుకుందాం. 255 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, దాదాపు 166 మిల్లీమీటర్లు, 18 అంటే రిమ్ము అంగుళాలు. దాని పక్కనే ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె లోడ్ ఇండెక్స్: 109 ఉంటే ఒక్కో టైరు 1030 కిలోలు మోస్తుంది, 112 ఉంటే 1120 కిలోలు. అక్షరం వేగం: టి అంటే 190, హెచ్ అంటే 210. కంపెనీ ఇచ్చినదానికంటే లోడ్ ఇండెక్స్ ఎప్పుడూ తగ్గకూడదు, షాపువాడు ‘ఏం కాదు సార్’ అన్నా సరే. తర్వాత డాట్ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైందని అర్థం. అది టైరుకి ఒకవైపే ఉండొచ్చు, రిమ్ముకి ఎక్కించాక లోపలి వైపుకి పోయిందంటే బండి కింద దూరి చూడాలి, కాబట్టి ఎక్కించకముందే నాలుగు టైర్లూ తిప్పి చూసుకోండి. రెండేళ్ల పాత సరుకుని ఆఫర్ అని అంటగట్టడం మామూలే.

సైజు పెంచడం గురించి కూడా ఒక మాట. 20 అంగుళాల అల్లాయ్‌లు వేస్తే బండి ఠీవిగా ఉంటుంది గానీ సైడ్‌వాల్ సన్నబడుతుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకే తగులుతుంది, ఇసుకలో గాలి తగ్గించడానికీ చోటుండదు. అదే ఎక్స్‌యూవీ 700 చూడండి, కొన్ని వేరియంట్లకి 235/65 ఆర్17 వచ్చేది, కొన్నిటికి 235/60 ఆర్18. మొత్తం ఎత్తు లెక్కేస్తే మొదటిది 737 మిల్లీమీటర్లు, రెండోది 739, దాదాపు ఒకటే. కానీ 17 అంగుళాల దాంట్లో సైడ్‌వాల్ 12 మిల్లీమీటర్లు ఎక్కువ. ఊళ్లు, గుంతలు, ఇసుక తిరిగేవాళ్లకి చిన్న రిమ్మే లాభం. అయితే ఉన్న రిమ్ము మార్చి చిన్నది వేసేముందు బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందో లేదో బిగించి చూసుకోవాలి.

ఇప్పుడు ఇసుక. ఇక్కడ చాలామంది తలకిందులుగా ఆలోచిస్తారు, గడులు ఎంత పెద్దవైతే అంత పట్టు అని. బురదలో అది నిజం, ఎండు ఇసుకలో అవే గడులు గుంత తవ్వుకుంటూ కిందికి పోతాయి. ఇసుకలో కావాల్సింది ఒంటె పాదంలా పరుచుకునే టైరు. మామూలుగా 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైర్లో 18కి దించితే టైరు నేలకి ఆనే భాగం పొడవుగా సాగుతుంది, బండి బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, దిగబడదు. జైసల్మేర్ దగ్గర సామ్ దిబ్బల్లో మామూలు హెచ్‌టీ టైర్లకి 18 పెట్టిన బండి, 35తో వచ్చిన ఏటీ టైర్ల బండి కంటే తేలిగ్గా పోతుంది.

గాలి తీయడం ఇలా. ఇసుక మొదలయ్యే చోట గట్టి నేల మీద బండి ఆపి, వాల్వ్ మూత తీసి, లోపలి పిన్నుని తాళం చెవి మొనతో నొక్కి పట్టుకోండి, ముప్పై సెకన్లకోసారి గేజి పెట్టి చూడండి. నాలుగు టైర్లకీ ఓపిక కావాలి. 18 దగ్గర సైడ్‌వాల్ కింద కొంచెం పొట్టలా వస్తుంది, అది చూసి కంగారు పడొద్దు. అప్పటికీ దిగబడితే 15కి దించండి. అంతకంటే కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము అంచు వదిలేసి ఊడిపోయే ప్రమాదం ఉంది, ఊడిందంటే ఇసుకలో దాన్ని మళ్లీ ఎక్కించడం నరకం. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయండి, లేకపోతే సరిగ్గా పవర్ కావాల్సినప్పుడే అది ఇంజన్‌ని నొక్కేస్తుంది. బ్రేకు గట్టిగా కొట్టొద్దు, యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఇసుకే ఆపుతుంది. చక్రం ఉన్నచోటే తిరుగుతోందంటే వెంటనే కాలు తీసి, టైరు వెనకాల ఇసుక చేత్తో తోడి, వచ్చిన గాడిలోనే వెనక్కి రండి. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ యాక్సిల్ దాకా కూరుకుపోవడమే.

గాలి తీయడం ఎంత ముఖ్యమో, తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ కొట్టడం అంతకంటే ముఖ్యం. తక్కువ గాలితో 100 మీద పోతే సైడ్‌వాల్ ప్రతి చుట్టుకీ మడతపడుతుంది, వేడెక్కుతుంది, చివరికి పగిలిపోతుంది. నాగ్‌పూర్ నుంచి ముంబైకి వెళ్లే 701 కిలోమీటర్ల సమృద్ధి మహామార్గ్ అంతా సిమెంటు రోడ్డు, ఎండాకాలం అక్కడ టైర్లు పేలడం గురించి వినే ఉంటారు. 2023లో అధికారులు ఎంట్రీ దగ్గరే టైర్లు చూసి, అరిగిపోయిన వాటితో వచ్చినవాళ్లని వెనక్కి పంపారు కూడా. కాబట్టి బండిలో సొంత కంప్రెసర్ ఉండాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టే చిన్నవి పెద్ద టైర్లకి గాలి కొట్టేసరికి కాగిపోతాయి, నేరుగా బ్యాటరీకి క్లిప్పులు పెట్టే రకం కొనండి. టైర్ల షాపులో ఎల్‌టీ, అంటే లైట్ ట్రక్ అని రాసున్న దిగుమతి ఏటీ టైర్లు చూపిస్తే ఇంకో విషయం గుర్తుంచుకోండి, వాటి సైడ్‌వాల్ బాగా గట్టిది, అదే బరువు మోయడానికి గాలి ఎక్కువ కావాలి, ఇసుకలో పరుచుకోవాలంటే మామూలు టైరు కంటే ఇంకా కిందికి దించాలి. అన్నట్టు, లదాఖ్‌లో హుండర్ ఇసుక దిబ్బల మీదికి బండి ఎక్కించడం నిషేధం, జరిమానాలు వేశారు. మన తీరంలో చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో బీచ్ మీద బండి తోలకండి.

మంచు దగ్గరికొస్తే రబ్బరే అసలు విషయం. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కింద గట్టిపడుతూ పోతుంది, అప్పుడు గడులు ఎంత లోతున్నా పట్టు దొరకదు. సైడ్‌వాల్ మీద ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని రాసుంటే మంచుకి పనికొస్తుందని అనుకుంటారు, అది గడుల ఆకారాన్ని బట్టి కంపెనీ తనంతట తాను వేసుకునే గుర్తు. నమ్మాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉన్న గుర్తుని, అది మంచు మీద పరీక్ష పెట్టాకే ఇస్తారు. బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2 లాంటి కొన్ని ఏటీ టైర్ల మీద అది ఉంటుంది. అయినా ఆ పరీక్ష ముఖ్యంగా మంచులో లాగే శక్తికి సంబంధించింది. గడ్డకట్టిన నున్నటి ఐసు మీద బ్రేకు కొడితే ఆ గుర్తు మిమ్మల్ని కాపాడదు. ఫోర్ బై ఫోర్ కూడా అంతే, బండిని కదిలిస్తుంది గానీ ఆపదు.

ఏడాదికి ఒక వారం మనాలి వెళ్లేవాళ్లు దానికోసం టైర్లు మార్చక్కర్లేదు, చైన్లు చాలు. మంచు పడ్డాక అటల్ టన్నెల్ వైపు పోలీసులు ఫోర్ బై ఫోర్ లేదా చైన్లున్న బండ్లనే పంపుతారు. మీ టైరు సైజుకి సరిపోయే చైను ఇక్కడే కొని, ఇంటి ముందు ఒకసారి బిగించి చూసుకోండి, అక్కడ వేళ్లు కొంకర్లు పోతుంటే చీకట్లో నేర్చుకోవడం జరగని పని. ఏ చక్రాలకి వేయాలో బండి మాన్యువల్ చెబుతుంది, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయితే ముందువాటికే. వేశాక కొద్ది దూరం పోయి ఆగి మళ్లీ బిగించాలి, 40 దాటకూడదు, నల్ల రోడ్డు కనపడగానే విప్పేయాలి, లేకపోతే చైనూ పోతుంది టైరూ పోతుంది.

ఎత్తుకి పోయేకొద్దీ టైర్లో గాలి ఒత్తిడి పెరుగుతుందని దారి పొడవునా గాలి తీసేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో ఎండపూట 35 డిగ్రీల్లో 33 కొట్టించి, 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా మీద సున్నా డిగ్రీల్లో చూస్తే, ఎత్తు వల్ల సుమారు 6 పీఎస్ఐ పెరుగుతుంది, చలి వల్ల 5 తగ్గుతుంది, చివరికి 34 చూపిస్తుంది. కాబట్టి పొద్దున్నే బండి కదిలించకముందు చల్లటి టైరుకి గేజి పెట్టి చూసి, అవసరమైతేనే సరిచేయండి.

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ల లెక్క వేరు. మాంట్రియల్‌లో ఉంటే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. డెన్వర్, మిషిగన్ లాంటి చోట్ల నెలల తరబడి మంచులో తిరగాలి కాబట్టి విడిగా రిమ్ములతో సహా వింటర్ సెట్ పెట్టుకోవడమే మేలు, ఎండాకాలం వాటిని గ్యారేజీలో పెట్టేస్తే రెండు సెట్లూ నెమ్మదిగా అరుగుతాయి.

చివరగా స్టెప్నీ. కొన్ని బండ్లకి 80 దాటకూడదని రాసిన సన్న టైరు ఇస్తారు, దాంతో సామ్ దిబ్బలకీ స్పితికీ పోవద్దు, ఐదో టైరు కూడా అదే సైజుది కొనండి. కొన్నాక 10,000 కిలోమీటర్లకోసారి రొటేషన్ (టైర్ల స్థానాలు మార్చడం) చేయించేటప్పుడు స్టెప్నీని కూడా వరసలో కలపమని చెప్పండి, చెప్పకపోతే షాపులో నాలుగే తిప్పి పంపేస్తారు.