టాలర్ అనాలా, మోర్ టాల్ అనాలా? ఇంగ్లీషులో పోల్చి చెప్పడం ఎలా?

ఇంటర్వ్యూ కోసం తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు వెళ్ళేవాళ్ళ నోట తరచూ వినపడే మాట ‘మోర్ బెటర్’. తెలుగులో ‘కంటే’ చేరిస్తే పనైపోతుంది. ఇంగ్లీషులో మాట చివర తోక తగిలించాలి, లేదా ముందు మోర్ పెట్టాలి. రెండూ కలిపి పెట్టకూడదు. ఏది పెట్టాలో తేల్చుకోవడం కష్టమేమీ కాదు.

ముందు మాటను పైకి పలకండి. స్పెల్లింగ్ జోలికి పోవద్దు. గడ్డం కింద చెయ్యి ఆనించి పలికితే ‘లాంగ్’కి దవడ ఒకసారి కిందికి దిగుతుంది, ‘హెవీ’కి రెండుసార్లు, ‘బ్యూటిఫుల్’కి మూడుసార్లు.

ఒక్కసారే దిగిందా, పోలికకు చివర ‘ఈఆర్’, అన్నిటికంటే అనడానికి ‘ఈఎస్‌టీ’. లాంగ్, లాంగర్, లాంగెస్ట్. తిరుమల నడకదారులనే తీసుకోండి. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, శ్రీవారిమెట్టు దారి 2 కిలోమీటర్ల పైచిలుకు. కాబట్టి ‘అలిపిరి ఈజ్ లాంగర్ దేన్ శ్రీవారిమెట్టు’. దూరం తక్కువని రెండోదాన్ని ఎంచుకున్నవాళ్ళకు మోకాళ్ళే చెబుతాయి: ‘శ్రీవారిమెట్టు ఈజ్ షార్టర్, బట్ స్టీపర్’.

పరీక్షలో మార్కులు పోయేది స్పెల్లింగ్ దగ్గర. లార్జ్‌లో చివర ఈ ఉంది కాబట్టి ఆర్ ఒక్కటే చేర్చాలి. బిగ్, హాట్ లాంటి వాటిలో ఒక్క అచ్చు, దాని వెంట ఒక్క హల్లు ఉంటాయి. ఆ హల్లును రెండుసార్లు రాయాలి. బిగ్గర్‌లో జీలు రెండు, హాటర్‌లో టీలు రెండు. స్లో లాగా డబ్ల్యూతో ముగిస్తే ఆ బాధ లేదు.

దవడ రెండుసార్లు దిగి, చివర వై ఉంటే దాన్ని ఐగా మార్చి తోక తగిలించండి: హెవియర్, బిజియెస్ట్. మిగతావాటికి చాలావరకు మోర్, మోస్ట్: మోర్ క్రౌడెడ్. సింపుల్, నేరో, క్వయెట్ లాంటివి రెండు రకాలుగానూ చెల్లుతాయి. మూడు, అంతకు మించితే దాదాపు ఎప్పుడూ మోర్, మోస్టే.

గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. లిటిల్, లెస్, లీస్ట్. వీటిని బట్టీ పట్టాల్సిందే.

ఇక వాక్యంలో పెట్టడం. ఇద్దరి మధ్య పోలికకు ‘దేన్’, గుంపులో మొదటిదానికి ముందు ‘ది’. చిత్తూరు మార్కెట్లో తోతాపురి, నీలం, బేనీషా మామిడిపళ్ళు మూడూ తిని చూసి ‘బేనీషా ఈజ్ ది స్వీటెస్ట్’ అంటే మావైపు ఎవరూ కాదనరు. ‘వన్ ఆఫ్ ది’ వస్తే తర్వాతి నామవాచకం బహువచనం కావాలి: ‘వన్ ఆఫ్ ది ఓల్డెస్ట్ టెంపుల్స్’. టెంపుల్ అని వదిలేయకూడదు.

‘వెరీ బెటర్’ అనరు, ‘మచ్ బెటర్’ అంటారు. అన్న గురించి చెబుతూ ‘హీ ఈజ్ ఎల్డర్ దేన్ మీ’ అనడం మనవాళ్ళకు బాగా అలవాటు; అక్కడ ఓల్డర్ వాడాలి. ‘మై ఎల్డర్ బ్రదర్’ మాత్రం సరైనదే. ఆఫీసులో పైవాళ్ళ గురించి చెప్పేటప్పుడు సీనియర్ పక్కన దేన్ రాదు: ‘షీ ఈజ్ సీనియర్ టు మీ’. జూనియర్‌కీ అంతే.