మీ టెస్టులు దేన్ని పట్టుకోగలవో తేల్చుకోవడం ఎలా

సాఫ్ట్‌వేర్ తయారుచేసే జట్లలో టెస్టింగ్ చేయనివారు దాదాపు ఉండరు; ఎందుకు చేస్తున్నారని అడిగితే మాత్రం "రిలీజ్‌కు ముందు చేయాలి కదా" అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. రాత్రి వేల టెస్టులు నడుస్తాయి, తెల్లవారేసరికి అన్నీ పాస్ అయ్యాయని రిపోర్టు వస్తుంది, అదే వారంలో కస్టమర్ నుంచి పెద్ద బగ్ వస్తుంది. మర్నాడు మీటింగ్‌లో ఇంకొన్ని టెస్టులు రాయాలని తీర్మానిస్తారు. ఉన్న వేల టెస్టులు ఈ బగ్‌ను ఎందుకు చూడలేకపోయాయని, అసలు అవి దేన్ని చూడగలవని ఎవరూ అడగరు. ఆ ప్రశ్నను క్రమపద్ధతిలో అడిగి, జవాబు రాబట్టుకునే తీరును ఇక్కడ వివరిస్తాను. ఈ పనిలో చాలా ఏళ్లు గడిపాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: ఏ తప్పు జరిగితే ఒక టెస్టు ఫెయిల్ అవుతుందో దాన్ని రాసినవారు చెప్పలేకపోతే, ఆ టెస్టు పాస్ అయిందన్న వార్తకు అర్థం లేదు.

ఫలితం ఎవరి కోసమో ముందు రాసుకోండి

మొదటి పనికి కాగితం, కలం చాలు. కోడ్‌లోని చిన్న భాగాలను విడివిడిగా చూడటానికి డెవలపర్లు రాసే యూనిట్ టెస్టులు, టెస్టర్లు చేత్తో చేసేవి, రిగ్రెషన్ (కొత్త మార్పు వల్ల పాతది చెడలేదని చూడటం) కోసం ఆటోమేట్ చేసినవి, చివర్లో కస్టమర్ ఒప్పుకోలు కోసం చేసే యూఏటీ, ఇలా మీ దగ్గర జరిగే ప్రతి రకం టెస్టింగ్‌నూ ఒక్కొక్క వరుసలో రాయండి. దాని ఎదురుగా ఆ ఫలితాన్ని ఎవరు చదువుతారో, చదివి ఏ నిర్ణయం తీసుకుంటారో రాయండి. తర్వాత, గడిచిన ఏడాదిలో ఆ ఫలితం వల్ల ఒక్క నిర్ణయమైనా మారిందేమో గుర్తుచేసుకోండి. రిలీజ్ ఆగిందా? ఒక ఫీచర్‌ను పక్కన పెట్టారా? డెవలపర్ అదే గంటలో కోడ్ సరిచేసుకున్నారా? ఫెయిలైనా రిలీజ్ ఆగదని అందరికీ ముందే తెలిసిన టెస్టింగ్ ఏదైనా ఆ కాగితం మీద కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. దాని సంగతి చివర్లో చూద్దాం.

టెస్టర్ పనిని రోజుకు ఎన్ని టెస్ట్ కేసులు నడిపారన్న లెక్కతో కొలిచే అలవాటును హైదరాబాదు ఐటీ ఉద్యోగాల్లో నేను దగ్గరగా చూశాను. అలా కొలిచినచోట ఒకే పరీక్షను ఐదు ముక్కలు చేసి ఐదు కేసులుగా రాయడం మొదలవుతుంది. కొత్తగా చేరిన పిల్లలను అందుకు తప్పుపట్టలేం. వారి ముందు పెట్టిన కొలతే అలాంటిది. మీ జట్టులో ఆ కొలత ఉంటే, కింద చెప్పిన పనులు మొదలుపెట్టే ముందే దాన్ని ఆపించండి. లేకపోతే ఒక పనికిరాని టెస్టును తీసేయడానికి ఎవరికీ చేతులు రావు.

కోడ్‌ను కావాలని చెడగొట్టి చూడండి

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. బస్సు టికెట్ ధర లెక్కగట్టే ఫంక్షన్ ఒకటి ఉందనుకోండి. 5 ఏళ్లు నిండని పిల్లలకు టికెట్ లేదు, 5 నిండి 12 నిండనివారికి సగం టికెట్, ఆపైన అందరికీ పూర్తి టికెట్ అన్నది నియమం. దీనికి మూడు టెస్టులు రాశారు: 3 ఏళ్ల పాప, 8 ఏళ్ల బాబు, 30 ఏళ్ల మనిషి. మూడూ పాస్ అయ్యాయి. టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో చూపే కవరేజ్ టూల్‌ను అడిగితే ప్రతి లైనూ, ప్రతి షరతూ నడిచాయని, కవరేజ్ 100 శాతమని చూపిస్తుంది. ఇప్పుడు కోడ్‌లో 12 ఉన్నచోట 25 అని మార్చి టెస్టులు మళ్లీ నడపండి. 24 ఏళ్ల ఉద్యోగికి సగం టికెట్ కొట్టే ఈ ప్రోగ్రాంను కూడా ఆ మూడు టెస్టులూ పాస్ చేస్తాయి. 5ను 8గా మార్చి, 7 ఏళ్ల పిల్లలందరినీ ఉచితంగా ఎక్కించినా అంతే. కవరేజ్ చెప్పేది ఒక లైను నడిచిందన్న సంగతి మాత్రమే. ఆ లైను తప్పయితే ఎవరైనా గమనిస్తారా అన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు. ఈ నియమాన్ని నిజంగా కాపలా కాసే వయసులు 4, 5, 11, 12.

మీ సొంత కోడ్ మీద ఈ ప్రయోగం చేయడానికి ఏ టూలూ అక్కర్లేదు. డబ్బు లెక్కలో, తేదీలో, ఎవరు ఏది చూడవచ్చన్న అనుమతులో ఉన్న ఒక ముఖ్యమైన ఫైలును ఎంచుకోండి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లో విడిగా ఒక బ్రాంచ్, అంటే వేరే నకలు, తీసి, ఒక్కసారికి ఒక్క మార్పు చేయండి: 'కంటే తక్కువ' గుర్తును 'తక్కువ లేదా సమానం' చేయడం, రెండు షరతులూ నిజం కావాలన్నచోట ఏదో ఒకటి నిజమైతే చాలన్నట్టు మార్చడం, తిరిగిచ్చే విలువను సున్నా చేయడం, డేటాబేస్‌లో సేవ్ చేసే లైనును తీసేయడం వంటివి. టెస్టులు నడిపి, ఫలితం రాసుకుని, మార్పును వెనక్కి తీసి, తర్వాతి దానికి వెళ్లాలి. ఇరవై మార్పులకు ఒక మధ్యాహ్నం సరిపోతుంది. ఎన్నింటిని పట్టుకున్నాయన్న సంఖ్య మీద కంటే, ఏవి తప్పించుకున్నాయన్నదాని మీద సమయం పెట్టండి. ఫంక్షన్‌ను పిలిచి ఫలితాన్ని దేనితోనూ పోల్చకుండా వదిలేసిన టెస్టు, ఏదో ఒక విలువ వస్తే చాలనుకునే అసర్షన్ (ఫలితాన్ని సరిచూసే లైను), అసలు కోడ్ బదులు దాని స్థానంలో పెట్టిన నకిలీ భాగాన్ని, అంటే మాక్‌నే, పరీక్షిస్తున్న టెస్టు, ఈ మూడింటిలో ఒకటి చాలాసార్లు బయటపడుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1971లో రిచర్డ్ లిప్టన్ ప్రతిపాదించిన దీన్ని 1978లో డెమిల్లో, లిప్టన్, సేవార్డ్ కలిసి వివరంగా ప్రచురించారు. దీని పేరు మ్యూటేషన్ టెస్టింగ్. జావాకు పిట్, జావాస్క్రిప్ట్‌కు స్ట్రైకర్, పైథాన్‌కు మ్యూట్‌మట్ వంటి టూళ్లు ఈ మార్పులను తామే చేసి టెస్టులు నడుపుతాయి. అయినా మొదటిసారి చేత్తోనే చేయమని సలహా ఇస్తాను, ఎందుకంటే తప్పు చేసిన కోడ్‌ను టెస్టు హాయిగా పాస్ చేయడం కళ్లారా చూసినవారు మళ్లీ ఒట్టి కవరేజ్ అంకెను నమ్మరు. మన ఫోన్లన్నింటిలో ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను తయారుచేసినవారు దీన్ని ఎంతదూరం తీసుకెళ్లారో చూడండి: వారి టెస్ట్ కోడ్ అసలు కోడ్‌కు దాదాపు 590 రెట్లు ఉంటుంది, అయినా ఆ పరిమాణాన్నే నమ్ముకోకుండా, ప్రోగ్రాంలో షరతును బట్టి దారి మళ్లించే బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షన్లను ఒక్కొక్కటిగా చెడగొట్టి, తమ టెస్టులు దాన్ని పట్టుకుంటాయో లేదో చూసుకుంటారు.

ఈ పద్ధతి పట్టుకోలేని లోపం ఒకటుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో వడ్డీ లెక్కల కోడ్‌ను ఎక్కడ ముట్టుకున్నా టెస్టులు ఎర్రబడేవి, అంటే ఫెయిల్ అయ్యేవి, చాలా సంతోషించాం. అకౌంట్స్ విభాగంలో ఒక పెద్దాయన కాలిక్యులేటర్‌తో సరిచూసేదాకా, ఆ లెక్క మొదటి నుంచీ తప్పేనని తెలియలేదు. టెస్టుల్లోని ఆశించిన విలువలను ప్రోగ్రాం ఇచ్చిన ఫలితం నుంచే కాపీ చేసి పెట్టారు. తప్పు మారకుండా మా టెస్టులు కాపలా కాశాయి. కాబట్టి పట్టుకున్న టెస్టుల్లోనూ కొన్నింటిని తీసి, ఆ ఆశించిన విలువ ఎక్కడి నుంచి వచ్చిందని అడగండి. నియమం రాసిన కాగితం నుంచో, చేత్తో వేసిన లెక్క నుంచో రాకపోతే దాన్ని తిరిగి లెక్కగట్టించాలి.

టెస్టులోని ప్రపంచం, బయటి ప్రపంచం

ఇస్రో జీశాట్ ఉపగ్రహాలు కొన్నింటిని మోసుకెళ్లిన రాకెట్‌గా ఏరియన్-5 పేరు మనకు పరిచితమే. దాని మొదటి ప్రయోగం 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూలో జరిగింది. బయలుదేరిన 40 సెకన్లలోపే రాకెట్ దారి తప్పి ముక్కలైంది. రాకెట్ ఎటు తిరిగి ఉందో చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను పాత ఏరియన్-4 నుంచి తెచ్చి పెట్టారు. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల విలువను 16 బిట్లలో కుదించే లైను అందులో ఉంది. ధన, రుణ గుర్తుకూ చోటు ఉంచే ఆ 16 బిట్లలో 32,767 దాటిన సంఖ్య పట్టదు. ఏరియన్-4 దారిలో ఆ విలువ ఎన్నడూ అంత దూరం పోలేదు, ఏరియన్-5 ప్రయాణమార్గం వేరు కావడంతో పోయింది. తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్ ఉంది కాబట్టి అదీ అదే కారణంతో ఆగిపోయింది. పైగా ఆ లెక్క రాకెట్ పైకి లేచాక ఏరియన్-5కు అవసరమే లేదు.

టెస్టింగ్ చేసేవారు ఈ ప్రమాదంలో శ్రద్ధగా చదవవలసిన భాగం వేరే ఉంది. జాక్ లూయీ లయన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం తేల్చినదాని ప్రకారం, ఏరియన్-5 నిజంగా వెళ్లే మార్గపు డేటాతో ఆ పరికరాన్ని ఎన్నడూ పరీక్షించలేదు. రాకెట్ వ్యవస్థ మొత్తాన్నీ కలిపి చేసిన పరీక్షల్లో ఆ పరికరం స్థానంలో దాన్ని అనుకరించే సిమ్యులేటర్‌ను పెట్టారు. ప్రమాదం తర్వాత అసలు సాఫ్ట్‌వేర్‌కు అసలు మార్గపు డేటా ఇచ్చి నడిపితే, అదే వైఫల్యం అదే క్రమంలో తిరిగి వచ్చింది. అంటే ఆ బగ్ పరీక్షకు అందనిది కాదు. చేసిన పరీక్షల్లో దేనికీ దాన్ని చూసే అవకాశం ఇవ్వలేదు, అంతే.

మీ టెస్టుల్లో మాక్ పెట్టిన చోట్లన్నీ జాబితా తీసి, ఒక్కొక్కదానికీ ఇదే ప్రశ్న వేయండి: ఈ అసలు భాగం తప్పుగా ప్రవర్తిస్తే, ఇంకెక్కడైనా ఏదైనా టెస్టు దాన్ని నిజంగా నడుపుతుందా? పేమెంట్ గేట్‌వే, ఎస్‌ఎంఎస్ పంపే సర్వీసు, పక్క టీము వారి ఏపీఐ (వారి ప్రోగ్రాంను మన ప్రోగ్రాం పిలిచే ద్వారం), ఇవన్నీ మాక్ చేసినవే అయి, ఆ ప్రశ్నకు ఎక్కడా 'అవును' రాకపోతే, కొత్తగా వంద యూనిట్ టెస్టులు రాసే శ్రమతో అసలు భాగాన్ని కలిపి నడిపే నాలుగు టెస్టులు రాయడం మేలు. పాత ప్రాజెక్టు నుంచి తెచ్చుకున్న కోడ్ విషయంలో, అక్కడ సరిపోయిన గరిష్ఠ విలువలు ఇక్కడా సరిపోతాయా అని విడిగా చూడాలి.

డేటా విషయంలోనూ ఇదే మాట. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం, కంటికి కనిపించని ఒక నాన్-జాయినర్ గుర్తు (అక్షరాలను కలవనివ్వనిది) మధ్యలో చేరిన రూపంలో, ఐఫోన్ యాప్‌లను మూసుకుపోయేలా చేసింది, ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. మీ ఫారాలకు ఇచ్చే టెస్టు డేటాలో తెలుగు పేరు ఒక్కటైనా ఉందేమో చూడండి. 'శ్రీ' మనకు ఒక్క అక్షరమే అయినా యూనికోడ్‌లో నాలుగు కోడ్ పాయింట్లు (సంకేత సంఖ్యలు), వాటిని భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. 50 బైట్ల పరిమితి పెట్టిన గడిలో ఎంత పేరు పడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఇంటిపేరు ముందు రాసేవారినీ, ఇంటిపేరుకు ఒక్క పొడి అక్షరమే రాసేవారినీ చేర్చండి. ఆ పేర్లతో ఆ ఫారం నింపేది మన వాళ్లే.

బయటపడ్డ బగ్గులను వెనక్కి చదవండి

ఇప్పుడు గడిచిన ఆరు నెలల్లో ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడుతున్న వ్యవస్థలో, బయటపడిన బగ్గులను ముందు వేసుకోండి. ఒక్కొక్కదాన్ని నాలుగు కుప్పల్లో ఒకదానిలో వేయాలి. టెస్టు ఉంది, ఫెయిల్ కూడా అయింది, కానీ ఎవరూ పట్టించుకోలేదు. టెస్టు ఉంది, కానీ తప్పును చూసే శక్తి దానికి లేదు. టెస్టు లేదు, రాసి ఉంటే తేలికగా దొరికేది. ఎంత రాసినా టెస్టుకు దొరికేది కాదు. మొదటి కుప్ప పెద్దదైతే కొత్త టెస్టులు రాయడం వృథా. ఫెయిలైనప్పుడు ఎవరు స్పందించాలో తేల్చుకోవాలి. రెండోది పెద్దదైతే చెడగొట్టి చూసే పనికి తిరిగి వెళ్లాలి. మూడో కుప్ప విషయంలో మాత్రమే "ఇంకొన్ని టెస్టులు రాద్దాం" అన్న తీర్మానం సరైనది.

నాలుగో కుప్పను చిన్నచూపు చూడకండి. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985 నుంచి 1987 వరకు అమెరికా, కెనడాల్లో ఆరుగురికి ప్రమాదకరమైన మోతాదు ఇచ్చింది. ఆపరేటర్ తెర మీది వివరాలను వేగంగా సరిదిద్దినప్పుడు మాత్రమే బయటపడే టైమింగ్ లోపం అందులో ఒకటి. ముందు మోడల్ థెరాక్-20 సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ లోపం ఉంది, కానీ దానికి ఉన్న హార్డ్‌వేర్ రక్షణ వల్ల ఎవరికీ హాని జరగలేదు. కొత్త యంత్రంలో ఆ రక్షణను తీసేసి సాఫ్ట్‌వేర్‌ను నమ్మారు. ఇలాంటి బగ్గుల ఎదురుగా టెస్టు పేరు రాయకుండా, ఏ రక్షణ ఉండాలో రాయండి: ఒక లావాదేవీకి గరిష్ఠ పరిమితి, ముందు కొద్దిమందికే విడుదల చేయడం, వెనక్కి తీసుకోగల ఏర్పాటు, ప్రొడక్షన్‌లో హెచ్చరించే అలారం.

సున్నా చుట్టినవాటి సంగతి

ఇక మొదట సున్నా చుట్టిన వరుసలకు వద్దాం. ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అయ్యే ఫ్లేకీ టెస్టులు వీటిలో ఎక్కువగా ఉంటాయి. గూగుల్ 2016లో వెల్లడించిన లెక్క ప్రకారం అక్కడి టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఎంతో కొంత ఈ జబ్బు ఉంది. కాబట్టి ఇది చేతకానివారికే వచ్చేదని అనుకోనక్కర్లేదు. కానీ ఎర్రబడినప్పుడల్లా "మళ్లీ నడపండి, పాస్ అవుతుంది" అనే అలవాటు ఒకసారి పడితే నిజమైన ఫెయిల్యూర్ కూడా అదే మాటతో దాటిపోతుంది. అలాంటి టెస్టును ఆ రోజే ప్రధాన వరుస నుంచి బయటికి తీసి, సరిచేయడానికి ఒక మనిషినీ ఒక గడువునూ పెట్టండి. గడువు దాటితే తొలగించండి.

తొలగించే ప్రతి టెస్టుకూ కమిట్ మెసేజ్‌లో (మార్పుతో పాటు గిట్‌లో రాసే వివరణలో) రెండు వాక్యాలు రాయాలి: ఇది ఏ తప్పును పట్టుకోవాలని రాసింది, ఆ తప్పును ఇప్పుడు ఏది పట్టుకుంటుంది. రెండో వాక్యం రాయలేకపోతే తొలగింపును ఆపి, ముందు ఆ తప్పును పట్టుకునే టెస్టు రాయండి. అది రాశాక కోడ్‌ను ఒకసారి చెడగొట్టి, ఎర్రబడిందని చూసుకుని, అప్పుడు పాతదాన్ని తీసేయండి.