రామేశ్వరం బయల్దేరే ముందు కైట్ వాల్వులు ఇంట్లోనే చూసుకోండి

రామేశ్వరం దాకా వెళ్లి ఇసుకలో కూర్చుని లీకు వెతుక్కునే కన్నా, హన్మకొండలోనే ముందు రోజు సాయంత్రం డాబా మీద కైట్‌కి, అంటే కైట్‌సర్ఫింగ్‌లో మనల్ని నీళ్ల మీద లాగే గాలి నింపే పెద్ద గాలిపటానికి, గాలి కొట్టి చూసుకోవడం నయం. మధ్యాహ్నం మాత్రం వద్దు, మన ఎండలకి లోపలి గాలి వేడెక్కి ప్రెషర్ పెరిగిపోతుంది. ఎగిరిపోకుండా కైట్ పైన ఇసుక మూట పెట్టడం మర్చిపోకండి.

వన్‌పంప్ (ఒక్కచోటే గాలి కొట్టే) కైట్ అయితే ముందున్న పెద్ద ట్యూబు వాల్వు నుంచే సన్న గొట్టాల ద్వారా స్ట్రట్లన్నిటికీ, అంటే అడ్డంగా ఉండే చిన్న ట్యూబులకి, గాలి వెళ్తుంది. మామూలుగా 6 నుంచి 8 పీఎస్ఐ ప్రెషర్ సరిపోతుంది, కైట్ మీద వేరే అంకె ఉంటే అదే ఫైనల్. గాలి నిండాక గొట్టాల మీది క్లిప్పులన్నీ మూసి రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి చల్లబడి అన్నీ కాస్త మెత్తబడటం మామూలే, ఒక్క ట్యూబు మాత్రం గాలి పోయి పడి ఉంటే లీకు అందులోనే.

ఇక ఆ ట్యూబు వాల్వు చుట్టూ సబ్బు నీళ్లు రాసి చూడండి. వాల్వు నోటి దగ్గర బుడగలొస్తే చాలాసార్లు లోపలి పల్చటి రెక్క కింద ఇసుక రేణువే ఇరుక్కుని ఉంటుంది, మంచినీళ్లతో కడిగితే పోతుంది. వాల్వు అడుగున, బ్లాడర్‌కి, అంటే ట్యూబు లోపలి గాలి సంచికి, అతికిన చోట బుడగలొస్తే జిగురు ఊడినట్టే. మే నెలలో కారు డిక్కీలో కైట్ పెట్టేవాళ్లకి ఇది తప్పదు. బ్లాడర్ బయటికి తీసి, ఆ చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక వెనక జిగురుండే కొత్త స్టిక్కర్ వాల్వు గట్టిగా నొక్కి అతికించండి. సైకిల్ పంక్చర్ సొల్యూషన్ జోలికి పోకండి, అది రబ్బరు ట్యూబులకి, బ్లాడరేమో టీపీయూ అనే ప్లాస్టిక్.