ఆపెరాలో రోల్ వచ్చిందా? మొదటి రిహార్సల్ లోపల ఎలా ప్రిపేర్ అవ్వాలి

స్టూడెంట్ ప్రొడక్షన్స్‌లో ప్రతిసారీ ఇదే తంతు. కాస్టింగ్ లిస్ట్ రాగానే తమ రోల్‌లో ఫేమస్ అరియా (ఒక్కరే పాడే పాట) ఏదుందో వెతుక్కుని, రికార్డింగ్ పెట్టుకుని, దాంతోపాటు పాడుకుంటూ నెల గడిపేస్తారు, మిగతా రెండున్నర గంటల మ్యూజిక్ సంగతి అడిగితే "రిహార్సల్స్‌లో వచ్చేస్తుందిలే" అంటారు. రాదండీ. మీరు అక్కడ నిలబడి నోట్స్ వెతుక్కుంటుంటే మిగతా సింగర్లు, పియానిస్టు, కండక్టర్ అందరూ చేతులు కట్టుకుని మీ వైపు చూస్తుంటారు. వాళ్ళు మర్యాదకి ఏమీ అనరు గానీ నెక్స్ట్ కాస్టింగ్‌లో మీ పేరు దగ్గరికి వచ్చినప్పుడు అది గుర్తొస్తుంది.

కావాల్సినవి

వోకల్ స్కోర్ (అందరి పాటలు ఉండి, ఆర్కెస్ట్రాని పియానోకి కుదించిన పుస్తకం), మెత్తటి పెన్సిల్, రబ్బరు, హైలైటర్, మెట్రోనోమ్. పెన్ను ముట్టుకోవద్దు. టాబ్లెట్ వాడేవాళ్ళు వాడుకోండి, నా మాటైతే కాగితమే.

కొనే ముందు మాత్రం ఒక మెయిల్ పెట్టి అడగండి: ఏ ఎడిషన్, ఏ వెర్షన్, కట్స్ ఏంటి అని. కార్మెన్ ఆపెరా 1875లో పారిస్‌లో మొదటిసారి వేసినప్పుడు మధ్యలో మాటలు మామూలుగా మాట్లాడేవే, దాని కంపోజర్ బిజే చనిపోయాక గిరో అనే ఇంకో కంపోజర్ వాటి బదులు పాడే రెసిటటివ్‌లు (మాట్లాడుతున్నట్టు పాడే భాగాలు) రాశాడు, రెండు రకాలూ ఇప్పటికీ వేస్తున్నారు. మోత్సార్ట్ ఆపెరా డాన్ జొవాన్ని 1787లో ప్రాగ్‌లో ఒకలా ఉంది, 1788లో వియన్నాకి వచ్చేసరికి ఒత్తావియో, ఎల్విరా పాత్రలకి కొత్త అరియాలు వచ్చాయి. అడక్కుండా మొదలెడితే మీరు కష్టపడి నేర్చుకున్న పేజీలు అసలు షోలోనే ఉండకపోవచ్చు.

1. హైలైట్ చెయ్యండి

మీ లైన్లు ఒక సాయంత్రంలో అయిపోతాయి. మీ లైన్‌కి ముందు ఎవరు ఏం పాడతారో అది కూడా పెన్సిల్‌తో గీత గీసుకోండి, మీ క్యూ అదే. ఇక్కడే ఇంకో పని, మీరు స్టేజ్ మీద ఉండి కూడా ఏమీ పాడని పేజీలు ఎన్నో చూసుకోండి. చాలామంది ఆ పేజీలు అసలు తెరవరు, తీరా స్టేజింగ్‌లో (స్టేజ్ మీద కదలికలు కుదిర్చే రిహార్సల్స్‌లో) దిక్కులు చూస్తూ నిలబడతారు.

2. పాటకి ముందు మాట

ప్రతి పదానికీ కింద తెలుగులో అర్థం రాయండి. సారాంశం సరిపోదు, పదం పదానికీ కావాలి. మీ లైన్లకే కాదు, సీన్‌లో అందరి లైన్లకీ. మోత్సార్ట్ ఆపెరా ఫిగరో పెళ్ళి ఓపెనింగ్ చూడండి, ఫిగరో ఐదు, పది, ఇరవై, ముప్ఫై, ముప్ఫై ఆరు, నలభై మూడు అని అంకెలు పాడుతుంటాడు. మంచం పడుతుందో లేదో అని గది కొలుస్తున్నాడు. పక్కన అతను చేసుకోబోయే సుజాన్నా అద్దం ముందు టోపీ చూసుకుంటూ నన్ను చూడవేం అంటోంది. అతని అంకెల అర్థం తెలియని సుజాన్నా అతని మీద విసుక్కోవడం ఎలా యాక్ట్ చేస్తుంది? నోరు మాత్రం కదులుతుంది.

ఉచ్చారణ దగ్గర మన భాష వాళ్ళకి ఇటాలియన్‌లో కాస్త వెసులుబాటు ఉంది, అది వాడుకోకుండా ఇంగ్లీష్ నాలుకతో పాడతారు, చూస్తే బాధేస్తుంది. ఇటాలియన్‌లో "త", "ద" మన త, ద లాగే పళ్ళకి తగులుతాయి, ట, డ కాదు. క, ప లలో ఊపిరి వదలకూడదు, మనం వదలం కూడా. ఇక ద్విత్వాక్షరాలు, "నోనో" అంటే తొమ్మిదోది, "నొన్నో" అంటే తాత. "అమ్మ" అనేటప్పుడు "మ్మ" మీద ఎలా ఆగుతామో అక్కడా అంతే, పాడేటప్పుడు ఆ ఆగే టైమ్ ముందున్న అచ్చు నుంచి తీసుకోవాలి, బీట్ నుంచి కాదు. ఎ, ఓ లు మాత్రం తెరిచి పలికేవి, మూసి పలికేవి అని రెండేసి ఉంటాయి, అవి డిక్షనరీలో చూసి గుర్తు పెట్టుకోవాల్సిందే. ఫ్రెంచ్, జర్మన్ అచ్చుల్లో కొన్ని మన దగ్గర లేనే లేవు, వాటికి కోచ్ దగ్గర కూర్చోండి, తెలుగు అక్షరాల్లో రాసుకుని కిట్టించొద్దు.

3. రిథమ్, తర్వాత నోట్స్

మెట్రోనోమ్ పెట్టి చప్పట్లతో రిథమ్, తర్వాత రిథమ్‌లో మాటలు, తర్వాత పియానో దగ్గర ఒకే అచ్చు మీద నోట్స్, చివర్లో అన్నీ కలిపి. పై స్థాయి నోట్లు ఒక ఆక్టేవ్ కిందే పాడుకోండి, నేర్చుకునే దశలో గొంతు అరగదీసుకోవడం దండగ. రికార్డింగ్ ఈ స్టెప్ అయ్యేదాకా వినొద్దు, ఆ తర్వాత వింటే ఒకటి కాదు, కనీసం మూడు వినండి. ఒక్కటే వింటే ఆ సింగర్ ఊపిరి ఎక్కడ తీసుకుందో, ఏ నోటు సాగదీసిందో అన్నీ మీకు అంటుకుంటాయి, తర్వాత కండక్టర్ వదిలించలేక తల పట్టుకుంటాడు. "నేను వినే నేర్చుకుంటాను" అనేవాళ్ళకి ఎన్సెంబుల్స్‌లో తెలుస్తుంది, ఏడుగురు ఒకేసారి పాడుతుంటే రికార్డింగ్‌లో మీ లైన్ ఏదో మీకే వినపడదు.

4. రెసిటటివ్ (అందరూ బోర్లా పడేది ఇక్కడే)

మోత్సార్ట్ కాలం ఇటాలియన్ ఆపెరాల్లో అరియాలకి మధ్య కథంతా నడిచేది సెకో రెసిటటివ్‌లో. ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, హార్ప్సికార్డ్ లాంటి కీబోర్డు, మహా అయితే దానికి తోడు చెల్లో, అప్పుడొక కార్డ్ ఇప్పుడొక కార్డ్ (కొన్ని నోట్లు ఒకేసారి మోగించడం) వాయిస్తుంటే మీరు మాట్లాడుతున్నట్టు పాడాలి. డాన్ జొవాన్నినే తీసుకోండి, ఆపెరా పేరే అతనిది, కానీ అతని సోలోలు మూడూ చిన్నవే. రోల్ మొత్తం రెసిటటివ్‌లోనూ ఎన్సెంబుల్స్‌లోనూ ఉంది. అలాంటి రెసిటటివ్‌ని స్టూడెంట్స్ "మధ్యలో వచ్చే మాటలు" అని చివరి వారానికి వదిలేస్తారు. అక్కడ చెయ్యి ఊపి ఆదుకునే కండక్టర్ ఉండడు, వెనక నుంచి లాక్కెళ్ళే ఆర్కెస్ట్రా ఉండదు, మర్చిపోతే నిశ్శబ్దమే.

మొదటి జాగ్రత్త. రెసిటటివ్ మామూలుగా నాలుగు బీట్ల కొలతలోనే రాసి ఉంటుంది గానీ అలా లెక్కపెట్టి పాడితే పాఠం అప్పచెప్పినట్టు ఉంటుంది. కొంతమంది కోచ్‌లు ముందు రాసింది రాసినట్టు నేర్చుకుని తర్వాత వదులు చెయ్యమంటారు, నేను ఒప్పుకోను, ఒకసారి లెక్క ఒంటికి పట్టాక అది వదలదు. ముందు మాట్లాడండి. పుస్తకం మూసేసి, ఎదుట మనిషి ఉన్నట్టు, కోపమైతే కోపంగా, గొణుగుడైతే గొణుగుతూ, నోరు తిరిగేదాకా మాట్లాడండి. అప్పుడు స్కోర్ తెరిచి మీరు ఎక్కడ నొక్కారో కంపోజర్ ఎక్కడ నొక్కాడో పోల్చుకోండి. పెద్ద బీట్ మీద పడ్డ అక్షరం, పైకి ఎగిరిన నోటు, ఇవన్నీ ఆయన ఇచ్చిన క్లూలు. మీకూ ఆయనకీ తేడా వస్తే నూటికి తొంభై సార్లు మీకు అర్థం సరిగ్గా తెలియలేదని లెక్క, స్టెప్ 2కి వెనక్కి వెళ్ళండి.

రెండోది, వాక్యం ఎటు వెళ్తోందో చూసుకోవడం. ఈ రెసిటటివ్‌లు పద్యమే, ఏడు, పదకొండు అక్షరాల పాదాలు కలిపి రాసినవి, ఎక్కువ భాగం పాదాల్లో చివరి నుంచి రెండో అక్షరం మీద ఒత్తు పడుతుంది. మీ మాటంతా ఆ ఒత్తు వైపు పరిగెత్తాలి. ప్రతి అక్షరాన్నీ సమానంగా గుద్దితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అలాగే పాదం చివర విరామం గుర్తు ఉంది కదా అని ప్రతిచోటా ఆగిపోవద్దు, వాక్యం ఇంకా అవ్వకపోతే ఆ విరామం దాటేసి వెళ్ళిపోండి. పక్కపక్కన రెండు అచ్చులు ఒకే నోటు కింద ఉంటే రెండూ పలకాలి, ఒకటి మింగెయ్యకూడదు, రెండో దానికి కొత్త నోటూ పెట్టకూడదు.

మూడోది అప్పోజ్యతూరా, దీని మీద గొడవలు అనంతం. వాక్యం చివర ఒకే నోటు రెండుసార్లు రాసి, ఒత్తు మొదటి దాని మీద ఉంటే, ఆ మొదటి నోటుని ఒక మెట్టు పైనుంచి పట్టుకుని రెండో దాని మీదికి దిగడం ఆ కాలంలో సింగర్లకి అలవాటు, అందుకే రాసేవాళ్ళు కాదు. రాసింది లేదు కాబట్టి పాడనంటారు కొందరు, ఇంకొందరు కనపడ్డ ప్రతిచోటా వేసేసి అందరి వాక్యాలూ ఒకేలా ముగిసేట్టు చేస్తారు. నా రూల్ ఏంటంటే పాత్ర మనసు మెత్తగా ఉంటే వెయ్యండి, ఆర్డర్ వేస్తున్నట్టో కొట్టిపారేస్తున్నట్టో ఉంటే ఉన్నది ఉన్నట్టు పాడండి. ఫైనల్‌గా కండక్టర్ ఏం చెప్తే అది, పెన్సిల్ అందుకే.

నాలుగోది, అన్నింటికన్నా ముఖ్యం, ఎదుటివాళ్ళ లైన్. మీ ముక్కలు మీరు ఒంటరిగా బట్టీ పడితే రూమ్‌లో అప్పచెప్తారు, స్టేజ్ మీద చెప్పలేరు. రెసిటటివ్‌లో మీ మొదటి నోటు ఎదుటి మనిషి చివరి నోటు నుంచో, మధ్యలో పడే కార్డ్ నుంచో వస్తుంది. కాబట్టి ఎదుటి పాత్ర కూడా మీరే పాడుకుంటూ నేర్చుకోండి, వెంటవెంటనే పాత్ర మారుతూ. తర్వాత ఆ సీన్ పార్ట్‌నర్‌ని పట్టుకుని, సంగీతం లేకుండా, నడుస్తూ, మామూలు మాటల స్పీడ్‌లో ఆగకుండా చెప్పుకోండి. కాస్త తడుముకున్నా మళ్ళీ మొదటి నుంచి. ఇదంతా కీబోర్డు పియానిస్టుతో కూర్చోకముందే అవ్వాలి, ఎందుకంటే ఆ మనిషి మిమ్మల్ని ఫాలో అవ్వడానికి కూర్చున్నాడు, మీరే ఆయన కార్డ్ కోసం ఎదురుచూస్తుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోతారు.

5. గొంతులో పెట్టడం, బట్టీ

అన్నీ వచ్చాకే ఫుల్ వాయిస్. ముక్కలుగా మొదలెట్టి, అంకం, తర్వాత మొత్తం రోల్ ఆగకుండా. ఫిగరో పెళ్ళిలో సుజాన్నాకి అరియాలు రెండే, కానీ రెండోది నాలుగో అంకంలో, అప్పటికి ఆ అమ్మాయి సాయంత్రమంతా స్టేజ్ మీదే ఉంటుంది, రెండో అంకం చివర్లో ఇద్దరితో మొదలై ఏడుగురు అయ్యే ఇరవై నిమిషాల ఫినాలే కూడా దాటొచ్చి ఉంటుంది. ఆ అరియా ఒక్కటే రోజూ ఫ్రెష్ గొంతుతో ప్రాక్టీస్ చేస్తే అసలు రోజున ఏమవుతుందో ఊహించుకోండి. బట్టీ వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే స్కోర్‌లో ఏదో ఒక పేజీ తెరిచి, మధ్యలోంచి మొదలెట్టండి.

6. రిహార్సల్ రూమ్‌లో

మొదటి మ్యూజిక్ రిహార్సల్‌కే స్కోర్ చూడకుండా పాడగలగాలి, స్టేజింగ్ మొదలయ్యాక స్కోర్ చేతిలో ఉండనే కూడదు. పావుగంట ముందు రండి, వార్మప్ చేసుకుని రండి, అక్కడికొచ్చి మొదలెట్టడం కాదు. కాస్ట్యూమ్‌లో హీల్స్ ఉంటే హీల్స్‌తో, పొడుగు స్కర్ట్ ఉంటే పొడుగు స్కర్ట్‌తో ప్రాక్టీస్. బ్లాకింగ్ (ఎప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) స్కోర్‌లో అదే నోటు పైన రాసుకోండి, స్టేజ్ కుడి ఎడమలు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడ్డ మీవి, చూసేవాళ్ళవి కాదు. టెంపో డౌట్ కండక్టర్‌కి, ఎటు నడవాలన్నది డైరెక్టర్‌కి, ఒకళ్ళ ప్రశ్న ఇంకొకళ్ళని అడిగి ఇద్దరి మధ్యా పుల్ల పెట్టొద్దు.

మార్కింగ్ గురించి. స్టేజింగ్‌లో అదే సీన్ పదిసార్లు తీస్తారు, ప్రతిసారీ పూర్తి గొంతు పెట్టనక్కర్లేదు, మొదలెట్టే ముందు కండక్టర్‌కి ఒక మాట చెప్పి మార్క్ చెయ్యండి. పై నోట్లు కింది ఆక్టేవ్‌లో, మిగతాది తేలిగ్గా, కానీ ఊపిరి సపోర్ట్ అలాగే ఉండాలి. గుసగుసలాడితే గొంతుకి ఇంకా దెబ్బ. రిథమ్, హల్లులు, యాక్టింగ్ ఒక్క పిసరు తగ్గకూడదు, గొంతు తగ్గించమంటే చాలామంది మొత్తం మనిషే ఆఫ్ అయిపోతారు, ఎదుటివాడికి రియాక్ట్ అవ్వడానికి ఏమీ మిగలదు.

సిట్స్‌ప్రోబె అంటే ఆర్కెస్ట్రాతో సింగర్లు మొదటిసారి కూర్చుని పాడే రిహార్సల్, స్టేజింగ్ ఉండదు. అక్కడ మార్క్ చెయ్యొద్దు, కండక్టర్ మీకూ ఆర్కెస్ట్రాకీ బ్యాలెన్స్ చూసుకునేది అక్కడే. ఇన్నాళ్ళూ పియానోలో విన్న క్యూ ఇప్పుడు ఏ వాయిద్యంలో వస్తుందో విని అదే పేజీలో రాసుకోండి, పియానోలో టకటకా వినపడ్డది స్ట్రింగ్స్‌లో మెత్తగా వచ్చేసరికి ఎంట్రీ మిస్ అయ్యేవాళ్ళు ప్రతి షోలో ఉంటారు. ఆ తర్వాత డ్రెస్ రిహార్సల్స్‌లో కండక్టర్, డైరెక్టర్ నోట్స్ ఇస్తారు, అప్పుడు "కానీ ఆ టైమ్‌లో నేను..." అని మొదలెట్టకుండా సరే అని రాసుకుని, మర్నాడు చేసి చూపించండి.