స్థలం కొనేముందు చేను పేరు అడగండి

సర్వేయర్‌గా చేసి రిటైరయ్యాను. స్థలం చూసి పెట్టమని ఎవరు పిలిచినా కాగితాల జోలికి పోకముందే ఒక మాట అడుగుతాను: "ఈ చేనుని ఊళ్లో ఏమంటారు?" వంక చేను, కుంట పొలం, ఆవ, గెడ్డ ఒడ్డు... ఆ పేరులోనే నీళ్లు ఎటు వస్తాయో, ఎక్కడ ఆగుతాయో ఉంటుంది. లేఅవుట్ వేసినవాళ్లు బోర్డు మీద రాసిన పేరు మనకి అక్కర్లేదు.

ఈ మాట అమ్మేవాళ్లని, బ్రోకర్‌ని అడగొద్దు. గొర్రెలు కాసేవాళ్లని అడగండి. "తుఫానప్పుడు మందని ఇటు తోలతావా పెద్దయ్యా?" అంటే చాలు. "ఇటెందుకు తోల్తాం బాబూ, మోకాళ్లోతు నిలబడిపోద్ది" అన్నాడంటే అడ్వాన్సు జేబులోనే ఉంచుకోండి.

పేర్లలో ముందు తేల్చుకోవాల్సింది, అది పారే నీటి పేరా, నిలిచే నీటి పేరా అని. వాగు, ఏరు, రాయలసీమలో వంక, ఉత్తరాంధ్రలో గెడ్డ పారే నీటివి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి జనం ఇళ్లు కట్టేస్తారు. అనంతపురంలో నడిమివంక 2022 అక్టోబరులో కాలనీల మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఆ వార్తలు చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. జీవితమంతా కూడబెట్టి కొనుక్కున్న ఇళ్లవి.

కుంట, మడుగు, ఆవ, బీల, తంపర నిలిచే నీటి పేర్లు. అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ చూస్తే ఆవ అంటే ఏమిటో తెలిసిపోతుంది. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని 2010లో జనం పోరాడారు. ఆ నీటి మీదే వాళ్ల సేద్యం, చేపల వేట. ఇలాంటి నేల వరికీ చేపలకీ పక్షులకీ మంచిది. ఇంటికి మాత్రం వద్దంటాను. మట్టి పోసి పూడ్చినా అడుగు నేల అదే. సముద్రం పక్కన పర్ర అన్నారంటే ఉప్పు నేల, ముందు బోరు నీళ్లు రుచి చూడండి.

పేరు చెప్పేవాళ్లే లేకపోతే నేలనే అడగాలి. మూలగా, తక్కువ ఎత్తున ఉన్న చోట పలుగుతో మోకాళ్లోతు గుంత తీయించండి. అడుగు మట్టి గడ్డ చేతిలోకి తీసుకుని విరవండి. లోపల బూడిద రంగులో ఉండి, మధ్యమధ్య తుప్పు రంగు చారలు కనిపిస్తే అక్కడ ఏటా నీళ్లు నిలిచి దిగుతున్నట్టే. నత్తగుల్లలు తగిలితే ఇక అనుమానం పెట్టుకోనక్కర్లేదు. చుట్టూ తుంగ, జమ్ము ఉన్నాయేమో చూడండి. కంచె ముళ్లకి ఎండుగడ్డి, ప్లాస్టిక్ కవర్లు ఎంత ఎత్తున చిక్కుకున్నాయో కూడా చూడండి. వరద మట్టం అదే.

కొండల దగ్గర లెక్క వేరు. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల పైన ఉన్నా లోయే, ఎందుకంటే చుట్టూ కొండలు ఇంకా ఎత్తు. ముడసర్లోవ, తలుపులమ్మ లోవ పేర్లలో ఉన్న లోవా అదే. కోన అంటే కొండల మధ్య చెట్లు, ఊటనీళ్లు ఉన్న చోటు: తలకోన, పెంచలకోన, భైరవకోన. (కోనసీమని ఇందులో కలపొద్దు. అది గోదావరి పాయల మధ్య మూల.) గండి అంటే ఏరు కొండని కోసుకుని పారే సందు, పెన్న గండికోట దగ్గర చేసినట్టు. చెరువు కట్ట తెగినా గండే అంటాం. కనుమ కొండ దాటే దారి, గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లేటప్పుడు వచ్చే నంది కనుమ లాంటిది. కోనలో, లోవలో స్థలం తీసుకుంటే పైన కొండ మీద పడ్డ వాన ఏ దారిన దిగుతుందో ఎక్కి చూసి రండి.

ఆ తర్వాతే రికార్డులు. కోస్తా రికార్డుల్లో 'పల్లం' అని కనిపిస్తే టెన్షన్ పడొద్దు. అక్కడ పల్లమంటే మాగాణి, నీటి వసతితో వరి పండే భూమి, మెట్టకి ఎదురుమాట. తెలంగాణలో అయితే మాగాణికి తరి, మెట్టకి ఖుష్కి అని ఉంటుంది. మీరు వెతకాల్సింది పక్క సర్వే నంబర్లలో 'వాగు పోరంబోకు', 'కుంట పోరంబోకు' లాంటివి ఉన్నాయా అని. ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), తెలంగాణలో సేత్వార్ అనే పాత భూముల రికార్డులు తీసి చూడండి. ఉంటే, సర్వేయర్‌తో హద్దురాళ్లు చూపించుకునేదాకా అగ్రిమెంటు రాసుకోవద్దు. స్థలం చూడటానికి మండుటెండల్లో కాకుండా, పెద్దవాన కురిసిన మర్నాడు వెళ్లండి.