పులికాట్‌లో ఫొటోలకు: ఉత్తరం వైపు చూడండి

చెన్నై నుంచి చలికాలంలో పులికాట్ సరస్సుకు వెళ్లే మన తెలుగువారు ఫ్లెమింగోలను ఫొటో తీసేటప్పుడు, కెమెరా కన్నా ముందు తాము ఏ దిక్కుకు తిరిగి నిలబడ్డామో చూసుకోవాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దీవికి సరస్సు మీదుగా సాగే రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు రోజంతా దక్షిణానికి వాలి ఉంటాడు కనుక, రోడ్డుకు ఉత్తరాన మేస్తున్న పక్షులపై వెలుగు బాగా పడి, రెక్కల్లోని గులాబీ రంగు స్పష్టంగా వస్తుంది. దక్షిణం వైపు తీస్తే అవే పక్షులు నల్లని ఆకారాలుగా మిగులుతాయి. మెరిసే నీటి వల్ల ఫొటో చీకటిగా వస్తుంటే ఎక్స్‌పోజర్ కొద్దిగా పెంచండి, కానీ తెల్లని ఈకల గీతలు చెరిగిపోనివ్వకండి. అంతరిక్ష కేంద్రం గేటు సమీపిస్తుండగా కెమెరాను సంచిలో పెట్టేయడం మంచిది.

సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులోని పళవేర్కాడులో, 1613 నాటి డచ్చివారి గెల్డ్రియా కోట ఆనవాళ్లు పెద్దగా మిగలలేదు గానీ, వారి శ్మశానం తప్పక చూడదగినది. అక్కడి సమాధి రాళ్ల చెక్కడాలు మిట్టమధ్యాహ్నం చదునుగా కనిపిస్తాయి. పొద్దున్నే ఏటవాలు ఎండ పక్కనుంచి తగిలినప్పుడు ప్రతి అక్షరానికీ నీడ ఏర్పడి, రాత ఫొటోలోనూ చదవడానికి వీలుగా వస్తుంది.