చేపల పులుసులో గరిటె పెట్టకుండా లావోజిని చదవడం ఎలా?

తావోయిజం (తావో అంటే దారి, చైనాలో పుట్టిన పాత తత్వం) గురించి తెలుసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులో సగం మంది ఆ నలుపు తెలుపు గుండ్రటి బొమ్మని టీషర్టు మీద చూసినవాళ్ళు, మిగతా సగం రీల్స్ లో "ఏమీ చేయకు, అన్నీ అవే జరుగుతాయి" అని విని హాయిగా ఫీలైనవాళ్ళు. నేనేం తక్కువ కాదులెండి, మొదటిసారి పుస్తకం కొని మొదటి పేజీలోనే "చెప్పగలిగే తావో అసలు తావో కాదు" అని చదివి, చెప్పలేనిదాని గురించి ఇంకా ఎనభై అధ్యాయాలు ఎందుకయ్యా అనుకుని అల్మారాలో పడేశా. రెండేళ్ళ తర్వాత వేరే వైపు నుంచి తెరిస్తే లోపలికి వెళ్ళగలిగా, ఆ వరసే ఇక్కడ చెప్తున్నా.

ముందు పుస్తకం సంగతి

పేరు తావో తే చింగ్, దావో దె జింగ్ అని కూడా రాస్తారు, రెండూ ఒకటే. మొత్తం 81 చిన్న చిన్న అధ్యాయాలు, చైనా భాషలో అంతా కలిపి సుమారు 5000 అక్షరాలు, అంటే కూర్చుంటే గంటన్నరలో అయిపోతుంది (అలా మాత్రం చదవకండి). రాసింది లావోజి అంటారు, మనవాళ్ళు లావోత్సే అని కూడా రాస్తారు. ఆయన జౌ రాజుల దగ్గర గ్రంథాలు చూసుకునే ఉద్యోగి అని, రాజ్యం చెడిపోతుంటే విసుగొచ్చి పడమటికి వెళ్ళిపోతుంటే సరిహద్దు కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి "పోయేముందు మాకేదైనా రాసిచ్చి పో" అంటే రాసిచ్చి వెళ్ళాడని చైనా చరిత్రకారుడు సిమా చియాన్ రాశాడు. ఆయనే మళ్ళీ లావోజి అంటే ఫలానా వాళ్ళు కూడా కావచ్చు అని రెండు మూడు పేర్లు చెప్పి వదిలేశాడు. కాబట్టి రచయిత ఎవరు అన్న దగ్గర టైం వేస్ట్ చేయొద్దు.

ఏ అనువాదం కొనాలి అంటే, ఒకటి కాదు రెండు పక్కపక్కన పెట్టుకోండి. జేమ్స్ లెగ్గీ ఇంగ్లీషులో 1891లో తెచ్చింది కాపీరైట్ అయిపోయి నెట్ లో ఫ్రీగా దొరుకుతుంది. ఆయన క్రైస్తవ మిషనరీ, ఆ వాసన అక్కడక్కడా తగులుతుంది, అది తెలిసి చదివితే ఇబ్బంది లేదు. ఇంకోటి ఈ కాలపుది ఏదైనా తీసుకోండి, కానీ ఒక చిన్న పరీక్ష పెట్టండి: నేరుగా 5వ అధ్యాయం తీయండి. అక్కడ ఆకాశానికీ భూమికీ జాలి లేదు, అన్నిటినీ గడ్డితో చేసిన కుక్కబొమ్మల్లా చూస్తాయి అని ఉండాలి. ఆ రోజుల్లో పూజకి గడ్డి కుక్కని చేసి, ఎంతో మర్యాదగా వాడి, పని అయ్యాక బయట పారేసేవాళ్ళు, అదీ ఆ మాట వెనకున్న సంగతి. మీ చేతిలో ఉన్న అనువాదంలో ఆ కుక్కలు మాయమై "ప్రకృతి అందరినీ సమానంగా ప్రేమిస్తుంది" లాంటిది కనబడిందంటే వెనక్కి పెట్టేయండి, చైనీస్ అక్షరం ముక్క రాకుండా పాత ఇంగ్లీషు అనువాదాలు చూసి రాసినవి కూడా మార్కెట్లో ఉన్నాయి.

మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి

అదేంటి, పుస్తకాన్ని మధ్యలోంచి చదవడం తప్పు కదా అనిపిస్తే ఒక మాట. 1973లో చాంగ్షా దగ్గర మావాంగ్దుయిలో, క్రీ.పూ. 168లో మూసిన ఒక సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన రెండు ప్రతులు దొరికాయి, వాటిలో మనం 38వ అధ్యాయం అనుకునేదే ముందు వస్తుంది, మన ఒకటో అధ్యాయం ఎక్కడో సగం దాటాక ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందటి మనిషే అలా చదివాడు, మీరు ఎటునుంచి చదివినా ఎవరూ ఏమనరు.

నేనైతే 11తో మొదలుపెట్టమంటా. బండిచక్రానికి ముప్ఫై ఆకులు, అన్నీ ఒకే కుంభిలో కలుస్తాయి, కానీ ఇరుసు దూరేది ఆ కుంభి మధ్యలో ఉన్న బొక్కలో. కుండని మట్టితో చేస్తాం, నీళ్ళు పోసేది మాత్రం మట్టి లేని చోట. గోడకి తలుపు, కిటికీ కోసం ఖాళీ వదిలితేనే అది గది అవుతుంది. అంతే, అధ్యాయం అయిపోయింది. ఇది చదివి లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక ఖాళీ గిన్నె చూడండి, నవ్వొస్తే రానివ్వండి. తర్వాత 8 (నీళ్ళు అందరికీ మేలు చేస్తూ ఎవరికీ అక్కర్లేని పల్లంలో ఉంటాయి), 76 (పుట్టినప్పుడు మెత్తగా ఉంటాం, చచ్చాక కట్టెలా బిగుసుకుంటాం), 78, ఆ తర్వాత 60. రోజుకి ఒక్కటి, పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు అదే ఇంకోసారి. అన్నీ అయ్యేసరికి మూడు నెలలు పడుతుంది, పట్టనివ్వండి.

వూ వెయ్ అంటే బద్ధకం అనుకోకండి

అసలు తిరకాసంతా ఈ మాట దగ్గరే. వూ వెయ్ అంటే అక్షరాలా "చేయకపోవడం", దీన్ని పట్టుకుని మంచం దిగకుండా ఉండేవాళ్ళు ఉన్నారు. 60వ అధ్యాయంలో ఒక వాక్యం ఉంది: పెద్ద దేశాన్ని ఏలడం చిన్న చేపలు వండటం లాంటిది. ఇది చదివి చాలామంది ప్రొఫెసర్లు పేజీలు పేజీలు రాశారు కానీ మా అమ్మకి చదివి వినిపిస్తే "అవును, గరిటె పెట్టకూడదు" అని ఒక్కమాటలో తేల్చేసింది. చేపల పులుసు పెట్టేవాళ్ళకి తెలిసిందే కదా, ముక్కలు వేశాక గరిటె పెట్టి కలిపితే చిదురైపోయి ముళ్ళూ పులుసూ ఏకమైపోతాయి, అందుకే గుడ్డతో దాక రెండు పక్కలా పట్టుకుని నెమ్మదిగా ఒకసారి ఇటు ఒకసారి అటు తిప్పి దించుతారు. చింతపండు ఎంత తీయాలి, మంట ఎప్పుడు తగ్గించాలి, నూనె తేలిందా లేదా అని ఆవిడ పొయ్యి దగ్గర నుంచి కదలదు, కళ్ళు అక్కడే ఉంటాయి, చెయ్యి మాత్రం పెట్టదు. చైనాలో పాత వ్యాఖ్యానాలు కూడా ఇదే అంటాయి, కదిపితే చేప చెడుతుంది, మాటిమాటికీ చట్టాలు మారిస్తే జనం చెడతారు అని.

ఇంకో బొమ్మ జువాంగ్జి (లావోజి తర్వాత పెద్ద పేరున్న తావో తత్వవేత్త) పుస్తకంలో ఉంది, మూడో అధ్యాయంలో, దింగ్ అనే వంటవాడి కథ. ఎద్దుని కోస్తుంటే కత్తి చప్పుడు కూడా తాళంలో వినబడుతోందట, రాజు ఆశ్చర్యపోయి అడిగితే అతను కత్తి కింద పెట్టి చెప్పాడు: మామూలు వంటవాడు నెలకో కత్తి మారుస్తాడు, ఎందుకంటే నరుకుతాడు, మంచి వంటవాడు ఏడాదికోటి మారుస్తాడు, ఎందుకంటే కోస్తాడు, నాది పంతొమ్మిదేళ్ళ నుంచి ఇదే కత్తి, వేల ఎద్దుల్ని కోశా, ఇప్పుడే సానబట్టినట్టు ఉంది. కీళ్ళ మధ్య సందు ఉంటుంది, కత్తి అంచుకి మందం ఉండదు, మందం లేనిది సందులోకి దూరితే బోలెడు చోటు. నాకు ఇందులో బాగా నచ్చేది తర్వాతి ముక్క. ముడిపడ్డ కీలు దగ్గరికి వస్తే నేను కూడా ఆగుతా అంటాడు, భయపడతా, చూపు అక్కడే నిలుపుతా, చెయ్యి బాగా నెమ్మది చేస్తా, కత్తి రవ్వంత కదుపుతా, అప్పుడు ఉన్నట్టుండి మట్టిగడ్డలా విడిపోతుంది. అంటే అంత ఆరితేరినవాడికి కూడా కష్టమైన చోటు ఉంటుంది, అక్కడ "ఫ్లో" అని వదిలేయడు, ఇంకా జాగ్రత్తపడతాడు. ఇది రీల్స్ లో ఎవరూ చెప్పరు.

ప్రాక్టికల్ గా ఏం చేయాలంటే, మీరు రోజూ చేసే పని ఒకటి తీసుకోండి, బైక్ నడపడమో దోసెలు వేయడమో పిల్లాడితో హోంవర్క్ చేయించడమో, అందులో మీరు అనవసరంగా గరిటె పెడుతున్న చోటు ఎక్కడో ఒక వారం గమనించండి. మార్చాలని చూడకండి, ఊరికే గమనించండి. నాకైతే అది ఆఫీసులో దొరికింది, పంపిన మెయిల్ కి అరగంటకోసారి ఫాలో అప్ పెట్టే జబ్బు. మూడో రోజుకి తెలిసొచ్చింది, నా ఫాలో అప్ కి జవాబు రాస్తూ అవతలివాళ్ళు అసలు పని ఆపుతున్నారని.

"ఇది మన గీతలో ఉన్నదే" అనే ముందు

ఇది మనకి బాగా అలవాటు, ఏది చదివినా మనదే అనేయడం. కొన్ని దగ్గరగా ఉన్నమాట నిజమే, గీతలో కర్మలో అకర్మని చూడటం అన్నది ఉంది, వూ వెయ్ చదువుతుంటే అది గుర్తొస్తుంది. కానీ గీత మొదలయ్యేదే యుద్ధభూమిలో, లేచి యుద్ధం చెయ్ అంటాడు, లావోజి 31లో ఆయుధాలు అపశకునం అని, యుద్ధం గెలిచినా దాన్ని చావు ఇంట్లో చేసే పద్ధతిలో జరపాలి అని రాశాడు. ఇక పునర్జన్మ, కర్మఫలం, మోక్షం, ఈ మూడూ లావోజి పుస్తకంలో లేనే లేవు.

ఈ తంటా కొత్తది కాదు, పద్నాలుగు వందల ఏళ్ళ నాటిది. స్కూల్ పుస్తకాల్లో ఉండే హ్యూయాన్ త్సాంగ్ గుర్తున్నాడా, కృష్ణా ఒడ్డున ధాన్యకటకం దాకా వచ్చి అక్కడ ఆగి చదువుకున్నవాడు. ఆయన చైనాకి తిరిగి వెళ్ళాక, ఇప్పటి అస్సాం వైపున్న కామరూప రాజు లావోజి పుస్తకం సంస్కృతంలో కావాలని అడిగితే 647లో చక్రవర్తి ఆ పని ఈయనకే అప్పగించాడు. తావో అన్న మాటకి సంస్కృతంలో ఏం పెట్టాలి? తావో పండితులు బోధి అని పెట్టమన్నారు, ఈయన ఒప్పుకోలేదు, అది బుద్ధుడి జ్ఞానానికి వాడే మాట, తావో అంటే దారి, కాబట్టి మార్గం అనే పెట్టాలి అని గట్టిగా పోట్లాడాడు. ఆ అనువాదం ఇప్పుడు లేదు కానీ పోట్లాట మాత్రం రికార్డులో ఉంది. నాకు ఆయన చేసింది రైట్ అనిపిస్తుంది, పెద్ద మాట పెట్టి గొప్ప చేసే కంటే చిన్న మాట పెట్టి ఉన్నదున్నట్టు చెప్పడం నయం.

తూర్పు పడమర పోల్చాలంటే

మొత్తం తూర్పుని మొత్తం పడమరతో పోల్చకండి, ఒక్కో ప్రశ్న పట్టుకోండి, అప్పుడే ఏమైనా తెలుస్తుంది.

మొదటి ప్రశ్న, ఇదంతా ఎక్కడినుంచి వచ్చింది? బైబిల్ ఆదికాండంలో దేవుడు వెలుగు కమ్మని పలుకుతాడు, అవుతుంది, అది మంచిదని చూస్తాడు. అక్కడ ఒక మనసుంది, ఇష్టం ఉంది, మాట ఉంది, మనం పిలిస్తే పలుకుతాడు, కోప్పడతాడు కూడా. లావోజి తావో ఆజ్ఞ ఇవ్వదు, కనిపెంచి నాదని అనదు, దండం పెట్టినా పెట్టకపోయినా దానికేం లేదు. "ఇది ఎవరి బిడ్డో నాకు తెలీదు, పైనున్న దేవుడి కంటే ముందుదిలా ఉంది" అంటాడు 4లో. ఇక్కడ తేడా చాలా పెద్దది, ప్రార్థన చేసి అలవాటైనవాళ్ళకి ఇది చల్లగా, ఒంటరిగా కూడా అనిపించొచ్చు. అయినా తమాషా చూడండి, యోహాను సువార్త మొదటి మాట తెలుగులో "ఆదియందు వాక్యముండెను", గ్రీకులో ఆ మాట లోగోస్, చైనాలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు చదివే 1919 బైబిల్లో అక్కడ వాక్యం లేదు, "ఆదిలో తావో ఉంది" అని ఉంటుంది! అనువాదకులకి అంతకంటే దగ్గర మాట దొరకలేదు మరి.

రెండోది, చెడు. యిన్ యాంగ్ అంటే చెడూ మంచీ అనుకుంటారు, అది తప్పు. మొదట్లో యిన్ అంటే కొండకి నీడపడే వైపు, యాంగ్ అంటే ఎండ వైపు. పొద్దున నీడున్న చోటికి సాయంత్రం ఎండొస్తుంది, నీడని ఓడించి కొండని గెలవడం అనేది ఉండదు. వెలుగుకీ చీకటికీ యుద్ధం, చివర్లో తీర్పు అన్న కథ వేరు, ఇది వేరు.

మూడోది నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. మనకి కీడు చేసినవాణ్ణి ఏం చేయాలి? లావోజి 63లో పగకి మంచితనంతో బదులివ్వు అంటాడు. ఏసు శత్రువుల్ని ప్రేమించమన్నాడు. చేతికి చిక్కిన శత్రువుకి కూడా మేలు చేసి పంపమని మన వేమన. కన్ఫ్యూషియస్ ని ఇదే అడిగితే ఆయన "మరి మంచి చేసినవాడికి ఏమిస్తావ్?" అని ఎదురడిగి, కీడుకి న్యాయంతో, మంచికి మంచితో బదులివ్వు అన్నాడు. అంటే ఇద్దరు చైనావాళ్ళు చెరో వైపు, గలిలయవాడూ తెలుగువాడూ లావోజి పక్కన. ఇలాంటివి నాలుగు చూశాక తూర్పు అంటే శాంతం పడమర అంటే పోటీ అనే డైలాగులు నోట్లోంచి రావు.

కొన్ని జాగ్రత్తలు

తావోయిజం అంటే ఈ పుస్తకం ఒక్కటే అనుకోవద్దు. క్రీ.శ. 142లో సిచువాన్ లో జాంగ్ దావోలింగ్ తో మొదలైన మతం ఉంది, గుళ్ళు, పూజారులు, మంత్రాలు, లావోజే దేవుడు. దాన్ని మూఢనమ్మకం అని కొట్టేయకండి, చైనాలో జనం బతికిన తావో అదే. కానీ చావు లేకుండా చేసే మందులు, పాదరసం గుళికలు అని ఒక శాఖ ఉండేది, వాటిని మింగి చైనాని ఏలిన టాంగ్ వంశపు చక్రవర్తులే కొందరు పోయారు, కాబట్టి ఇప్పుడెవరైనా తావో రహస్య ఔషధం అని అమ్మితే కొనకండి. చెంఘిజ్ ఖాన్ అంతటివాడు 1222లో చియూ చూజి అనే తావో గురువుని హిందూకుష్ దాకా రప్పించుకుని అమరత్వం మందు తెచ్చావా అని అడిగితే ఆ ముసలాయన, ప్రాణం కాపాడుకునే పద్ధతులున్నాయి గానీ చావు లేకుండా చేసే మందు లేదు అని మొహం మీదే చెప్పాడు.

చివరగా, వాదించేవాణ్ణి ఒకణ్ణి పెట్టుకోండి

లావోజి అయ్యాక జువాంగ్జి చదవండి, ముందు మొదటి ఏడు అధ్యాయాలు చాలు. అందులో హుయిజి అనే తర్కవాది ఫ్రెండ్ ప్రతిదానికీ అడ్డు తగులుతుంటాడు. వంతెన మీద నిలబడి జువాంగ్జి "చేపలు ఎంత హాయిగా ఉన్నాయో" అంటే "నువ్వు చేపవి కాదుగా, నీకెలా తెలుసు" అంటాడు (ఇది 17లో). ఆ ఫ్రెండ్ పోయాక సమాధి దగ్గర జువాంగ్జి, ఇక నేను మాట్లాడటానికి ఎవరూ లేరు అంటాడు. ఒంటరిగా చదివితే ప్రతి వాక్యానికీ తలూపుతాం, అదే ప్రమాదం.

నాకు ఆ పోస్టులో మా బావ ఉన్నాడు. 56వ అధ్యాయంలో "తెలిసినవాడు మాట్లాడడు, మాట్లాడేవాడికి తెలీదు" అని వినిపిస్తే, మరి అంత తెలిసినవాడు ఐదు వేల అక్షరాలు ఎందుకు రాశాడ్రా అని పట్టేసుకున్నాడు, ఏదో కనిపెట్టినట్టు రెండు రోజులు మురిసిపోయాడు కూడా. ఆ ప్రశ్న టాంగ్ కాలంలోనే బాయ్ జుయీ అనే కవి పద్యం కట్టి మరీ అడిగేశాడు బావా, పన్నెండు వందల ఏళ్ళు లేటయ్యావ్ అని చెప్పా. అప్పటినుంచి పుస్తకం ఆయన దగ్గరే ఉంది, ఇంకా తిరిగివ్వలేదు.